కాయ దిగే రోజుల్లో విడుదల చేసిన వెర్షన్

నూజివీడులో కూర్చుని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ రాసి పంతొమ్మిదేళ్లు బతికానంటే ఇప్పటికీ కొందరు నమ్మరు. మామిడికాయలకు తప్ప ఈ ఊరు దేనికీ పనికిరాదన్నట్టు నా మొహం వంక చూస్తారు. నేను రాసినదాని పేరు మేలిమి. ప్రింటింగ్ ప్రెస్సుల వాళ్లు మామిడి పెట్టెల లేబుళ్లు, పెళ్లికార్డులు, బిల్లు పుస్తకాలు గీసుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్. నాకు కంపెనీ లేదు, కింద పనిచేసేవాళ్లు లేరు. మా ఇంటి ముందుగదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక ఫోను, అంతే. మా ఆవిడ ఆ గదిని ఆఫీసు అనేది, అదీ బయటివాళ్లు ఉన్నప్పుడు మాత్రమే.

మొన్నీమధ్య ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఎవరి దగ్గరా ఉద్యోగం చేయకుండా సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసి బతకాలంటే ముందు ఏ భాష నేర్చుకోవాలని అడిగారు. నోటికొచ్చిన రెండు పేర్లు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాను. వాళ్లు వెళ్లాక సిగ్గేసింది. వాళ్లకు చెప్పవలసింది అది కాదు. చెప్పవలసింది ఇది.

ఈ పనిలో కోడ్ రాయడం పావు వంతు. మిగతా ముప్పావు వంతు, ఫోన్లో అవతలి మనిషి చెప్పేది వినడం. మొదటి పావు వంతులో నేను గట్టివాణ్ణే. రెండో దాంట్లో నా సంగతి ఏమిటో కింద రాస్తున్నాను. ఇంకో మాట కూడా మొదటే చెప్పేస్తే మంచిది. నేను అసూయపరుణ్ణి. పని చేసినన్నాళ్లూ అసూయపడ్డాను, మానేశాక కూడా పడుతూనే ఉన్నాను. ఈ వృత్తిలో అసూయ లేనివాడు ఉన్నాడంటే వాడు కొత్తగా చేరినవాడైనా అయ్యుండాలి, అబద్ధాలకోరైనా అయ్యుండాలి.

నాకున్న ఒకే ఒక్క బాస్

సొంతంగా మొదలుపెట్టకముందు విజయవాడలో ఒక ప్రెస్సులో పనిచేశాను. అక్కడ మస్తాన్‌గారని ఫోర్‌మన్. చదువు అయిదో క్లాసు. మిషన్ చప్పుడు వినిపిస్తే చాలు, ఏ రోలరు అరిగిందో చెప్పేవాడు. ఒక ఏడాది, మామిడి లేబుళ్లు రాత్రీ పగలూ పడుతున్న రోజుల్లో, మిషన్ ఇంకొంచెం జోరుగా తిరిగే ఉపాయం కనిపెట్టానని పానా పట్టుకుని వెళ్లాను. నా చేతిలోంచి పానా తీసేసుకున్నాడు.

"కాయ ఆగదబ్బాయ్. నువ్వు ఆగు" అన్నాడు.

అంతకు మించి వివరించలేదు. తర్వాత నాకే అర్థమైంది. ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా మా ప్రాంతంలో ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. అప్పుడు పాత మిషన్ నెమ్మదిగా తిరిగినా ఫరవాలేదు గాని, కొత్త మిషన్ తప్పుగా తిరగకూడదు. ఆ మాటను నేను పదిహేనేళ్లు పాటించాను. సీజన్లో ఒక్క అప్‌డేట్ కూడా వదల్లేదు. చెట్టు మీద కాయ ఉన్నంతకాలం మేలిమి జోలికి వెళ్లేవాణ్ణి కాదు.

పదహారో ఏడు వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పాలంటే ముందు చింతలపూడి టీచరుగారి గురించి చెప్పాలి.

చింతలపూడి టీచరుగారు

రత్నకుమారిగారు చింతలపూడిలో మిషనరీ స్కూల్లో లెక్కల టీచరు. పరీక్ష పేపర్లలో వృత్తాలు, త్రిభుజాలు గీయడానికి మేలిమి కొనుక్కున్నారు. అంటే ఆవిడ నా వాడుకదారు. ఏడాదిలో నాకు నాలుగు ఉత్తరాలు రాశారు. ఒక్కో దాంట్లో నెంబర్లు వేసి, ఎక్కడ ఏం నొక్కితే ఏం తప్పు జరుగుతోందో, ఎలా ఉంటే బాగుంటుందో, పూసగుచ్చినట్టు రాశారు. ఇవాళ ఏ కంపెనీ అయినా అలాంటి ఉత్తరాలకు జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటుంది. నేను నాలుగింటికీ ఒకే జవాబు ఇచ్చాను. పరిశీలిస్తాం అన్నాను. నిజానికి ఆ ఉత్తరాలు చదువుతుంటే లెక్కల టీచరు నా పేపరు దిద్దుతున్నట్టు ఒళ్లు మండేది.

అయిదో ఉత్తరం రాలేదు. రెండేళ్ల తర్వాత ఆవిడ సొంత సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాని పేరు పిచ్చిగీత. నేను మేలిమి అన్న పేరు పెట్టడానికి రెండు నెలలు ఆలోచించి, సంఖ్యాశాస్త్రం తెలిసినాయనకు కూడా చూపించాను. ఆవిడ తన పనిని పిచ్చిగీత అంది. జనానికి ఆ పేరే నచ్చింది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గాని, ఆ పుల్లకూర నేను విసిరేసిన విత్తనాలతో మొలిచింది. నాకు రాసిన నాలుగు ఉత్తరాల్లో అడిగినవన్నీ అందులో ఉన్నాయి. పైగా నా ఫైళ్లు కూడా అది తెరుస్తుంది. మైలవరంలో రెండు ప్రెస్సులు, ఏలూరులో ఒకటి దానికి మారిపోయాయి. నేను పైకి శుభాకాంక్షలు చెబుతూ మెసేజ్ పెట్టి, లోపల కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

ఆవిడ సాఫ్ట్‌వేర్ కొని, కరెంటు బిల్లులు అని పేరు పెట్టిన ఫోల్డర్లో దాచుకున్నాను. ఇంట్లో నేను, మా ఆవిడ తప్ప ఎవరూ లేరు. అయినా దాచాను. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా తప్పులు వెతికేవాణ్ణి. దొరికితే ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తినేవాణ్ణి. దొరకకపోతే పప్పులో ఉప్పు తక్కువైందని విసుక్కునేవాణ్ణి. ఇవాళ టీచరుగారు కొత్తది వదిలారా అని మా ఆవిడ అడిగేది, పప్పు రుచి చూడకుండానే.

అన్నిటికంటే నన్ను ఎక్కువ మండించింది ఆవిడ రాసే నోట్. కొత్త వెర్షన్తో పాటు ఏమేం మారిందో ఒక కాగితం రాసి ఇవ్వడం మా వృత్తిలో ఆనవాయితీ. నా నోట్ ఎలా ఉండేదంటే, మరింత వేగం, మరింత అందం, ఇంకా చిన్న చిన్న సవరణలు చేశాం, అని. చేశాం అంటే ఎవరెవరు? నేనొక్కణ్ణే. ఆవిడ నోట్ ఇలా ఉండేది: "వృత్తం మీద వృత్తం పెడితే కిందది మాయమవుతోంది. నేను సరిగ్గా ఆలోచించక చేసిన తప్పు. సరిచేశాను. ఈలోగా పని పాడైనవాళ్లు ఫైలు పంపితే నేనే బాగుచేసి ఇస్తాను." ఇది చదివి నాకు సంబరం కలగాలి కదా, తప్పు ఒప్పుకుందని. కలిగేది కాదు. అలా రాయడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. ఆ గుండె నాకు లేదు. అసూయంటే అదే మరి. అవతలివాళ్ల సొత్తు చూసి పుట్టే అసూయ రెండు రోజుల్లో చల్లారుతుంది. అవతలివాళ్ల గుణం చూసి పుట్టేది చల్లారదు.

రంగు కూడా ఆస్తే

ఇప్పుడు మామిడి లేబుళ్ల సంగతి. బయటివాళ్లకు ఇది తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మా కాయ లారీల మీద ఉత్తరాదికి పోతుంది. అక్కడి మార్కెట్లో పెట్టెలు దించే హమాలీలకు తెలుగు రాదు. పెట్టె మీద ఏ షావుకారు పేరుందో వాళ్లు చదవరు. లేబుల్ రంగు చూసి ఏ సరుకు ఎవరి దుకాణానికి వెళ్లాలో దించేస్తారు. అందుకని మా ఊళ్లో వ్యాపారుల్లో ఎవరి రంగు వాళ్లకు ఉంటుంది. ఒకరి రంగు ఇంకొకరు ముట్టరు. కాగితం మీద రాసుకున్న ఒప్పందం ఏమీ లేదు, అయినా ముట్టరు.

మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్ద షావుకారు, చిన్న షావుకారు అంటాం. తోటలు, ఇల్లు, లారీ అన్నీ పంచుకోవడం ఒక పూటలో అయిపోయింది. పసుపు రంగు లేబుల్ పంచుకోవడానికి మాత్రం పెద్దమనుషులు మూడుసార్లు కూర్చోవలసివచ్చింది. చివరికి పసుపులో ఎరుపు పాలు తక్కువున్న రంగు అన్నకీ, ఎరుపు ఎక్కువ కలిసిన పసుపు తమ్ముడికీ అని తేల్చారు. అచ్చులో చెప్పాలంటే అన్నది నూటికి ఆరు పాళ్ల ఎరుపు, తమ్ముడిది పద్నాలుగు పాళ్లు. ఒకటి బంగినపల్లి పండు రంగు, రెండోది ముగ్గిన రసం రంగు. పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలుస్తుంది.

ఇద్దరి లేబుళ్లూ పడేది ఒకే ప్రెస్సులో. ఓనరు సుబ్రహ్మణ్యంగారు. అక్కడ కంప్యూటర్ మీద లేబుళ్లు తయారు చేసే ఆపరేటర్ వెంకటలక్ష్మి. నలభై దాటిన మనిషి. పన్నెండేళ్లుగా ఆ కుర్చీలోనే ఉంది. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు గాని, ఇద్దరూ వెంకటలక్ష్మిని నమ్మేవాళ్లు. నా దగ్గర మేలిమి కొన్నవాళ్లలో మిగతావాళ్లంతా ఫోన్ చేసి పనిచేయట్లేదండీ అని ఊరుకునేవాళ్లు. ఏది పనిచేయట్లేదో చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

ఆరో వెర్షన్

ఆ ఏడు ఉగాది వెళ్లాక రత్నకుమారిగారు ఒక ప్రకటన చేశారు. తెర మీద ఎలా కనిపిస్తుందో అచ్చులోనూ అదే రంగు వచ్చేలా, పైగా రెండింతల వేగంతో, కొత్త వెర్షన్ తెస్తున్నాననీ, అయితే మామిడి పని జరుగుతోంది కాబట్టి వానలు పడ్డాకే విడుదల చేస్తాననీ. మస్తాన్‌గారు ఎవరో కూడా ఆవిడకు తెలియదు. ఆయన మాట మాత్రం ఆవిడకు తెలుసు.

నేను చేసిన లెక్క వేరు. వానలదాకా ఆవిడ ఆగుతుంది, కాబట్టి ఇప్పుడు నేను వదిలితే మొదటివాణ్ణి నేనే. పదిహేనేళ్ల నియమాన్ని పదిహేను నిమిషాల్లో గట్టుమీద పెట్టేశాను. మూడు వారాలు కూర్చుని ఆరో వెర్షన్ తయారుచేశాను. మే నెలలో, రసాలు దిగుతున్న వారంలో వదిలాను. నిజంగానే రెండింతల వేగం వచ్చింది. ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. అచ్చుకు పంపేటప్పుడు రంగుల పాళ్లను దగ్గరలో ఉన్న పదికి సర్దేశాను. ఆరు ఉంటే పది, పద్నాలుగు ఉన్నా పది. ఆ తేడా ఎవరు చూస్తారులే అనుకున్నాను. తెర మీద మాత్రం పాత పద్ధతే ఉంచాను, కాబట్టి తెర మీద అన్ని రంగులూ సవ్యంగానే ఉంటాయి.

నా ఊళ్లో, నా వీధిలో రంగులు ఎలా పంచుకున్నారో తెలిసినవాణ్ణి నేను. ఇంకెవరైనా చేస్తే తెలియక చేశారనుకోవచ్చు.

విడుదలైన మర్నాడు పొద్దున్నే వెంకటలక్ష్మి ఫోన్ చేసింది. తెర మీద రెండు పసుపులూ వేరుగానే ఉన్నాయనీ, అచ్చులో రెండూ ఒకటే వస్తున్నాయనీ, కొత్త వెర్షన్ వేశాకే ఇలా జరుగుతోందనీ చెప్పింది. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఆ సమయానికి నేను ఇంకో ఊరి ప్రెస్సాయన పంపిన మెచ్చుకోలు మెసేజ్ చదువుకుంటున్నాను. మేలిమిలో తేడా రాదమ్మా, మీ మిషన్ కడిగి చూసుకోండి అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుంది.

వాళ్లు మిషన్ ఆపి, కడిగి, మళ్లీ వేశారు. మళ్లీ అదే రంగు. వెంకటలక్ష్మి పాత వెర్షన్ వేద్దామంది. ఓనరుగారు ఒప్పుకోలేదు. సాఫ్ట్‌వేర్ రాసినాయనే తేడా లేదంటుంటే నీ కళ్లకు ఎలా కనిపించిందన్నారట. బయట లారీలు ఆగి ఉన్నాయి. లేబుళ్లు వెళ్లిపోయాయి.

అయిదో రోజు

అయిదో రోజుకు ఉత్తరాది నుంచి కబురొచ్చింది. తమ్ముడి పెట్టెలు అన్న దుకాణానికీ, అన్న పెట్టెలు తమ్ముడి దుకాణానికీ దిగిపోయాయి. మేలురకం కాయలో నాసిరకం కాయ కలిసిందని కొనేవాళ్లు గొడవ. పెద్ద షావుకారు ప్రెస్సుకు వచ్చి, నలుగురు జనం ముందు, వెంకటలక్ష్మి కుర్చీ దగ్గర నిలబడి, నా రంగు నా తమ్ముడికి ఎంతకు అమ్ముకున్నావు వెంకటలక్ష్మీ అని అడిగాడు. ఆమె తెర చూపించి, ఫైల్లో తను ఏమీ మార్చలేదంది. అదే ఆమె మెడకు చుట్టుకుంది. ఫైలు సరిగ్గా ఉండి అచ్చు తప్పొచ్చిందంటే, మధ్యలో మార్చి మళ్లీ ఎవరికీ తెలియకుండా సర్దేసిందని అందరూ అనుకున్నారు.

అదే రోజు పొద్దున మైలవరం నుంచి, ఇంకా మేలిమే వాడుతున్న ఒక ప్రెస్సాయన కూడా రంగు తేడా గురించి చెప్పాడు. అప్పుడు గాని నాకు దడ పుట్టలేదు. రెండు పసుపులు పక్కపక్కన పెట్టి అచ్చుకు పంపి చూశాను. పది, పది. మధ్యాహ్నం భోజనానికి ముందే తప్పు నాదని నాకు తెలిసిపోయింది.

భోజనం దగ్గర ఉండగా సుబ్రహ్మణ్యంగారి ఫోన్ వచ్చింది.

"మూర్తిగారూ, మీ కొత్త వెర్షన్లో రంగుల దగ్గర ఏమైనా మార్చారాండీ? ఇక్కడ ఒక మనిషి ఉద్యోగం సంగతి, అందుకని అడుగుతున్నాను."

ఆ క్షణంలో నా కళ్ల ముందు వెంకటలక్ష్మి లేదు. రత్నకుమారిగారు ఉన్నారు. ఈ మాట బయటికి పొక్కితే వానలు పడేలోపు ప్రెస్సులన్నీ పిచ్చిగీతకు మారిపోతాయి. ఆవిడ నోట్‌లో నా గురించి ఒక్క మాట రాయకపోయినా, జనం పోల్చుకుంటారు.

"వేగం పెంచామండీ, అంతే" అన్నాను.

సాయంత్రానికి వెంకటలక్ష్మిని మాన్పించేశారు. రెండు రోజుల్లో నేను దిద్దిన వెర్షన్ వదిలాను. నోట్‌లో ఏం రాశానో ఊహించగలరు. చిన్న చిన్న సవరణలు చేశాం. ఇక ఆ తర్వాత దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ఆమె మీద పడ్డ మాట ఊరంతా తిరిగింది. పన్నెండేళ్లు చేసిన పనికి మళ్లీ ఏ ప్రెస్సూ పిలవలేదు. బజార్లో దాని గురించి ఎవరైనా మాట్లాడితే నేను కూడా తల ఊపేవాణ్ణి. ఈ వాక్యం రాయడానికి మిగతా అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది.

కుర్రవాళ్లకు ఒక మాట. మీరు రాసే దాంట్లో తప్పులు ఉంటాయి. ఎంతటివాళ్లు రాసినా ఉంటాయి. కాని మీ తప్పు ఎప్పుడూ మీ మీద పడదు. మీ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్న మనిషి మీద పడుతుంది. సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ అనుమానించరు. మనిషిని అనుమానించడం తేలిక.

టీచరుగారి ఫోన్

వానలు పడ్డాయి. పిచ్చిగీత కొత్త వెర్షన్ వచ్చింది. చెప్పినట్టే ఉంది. కరెంటు బిల్లుల ఫోల్డర్లో పెట్టుకుని రెండు రోజులు వెతికినా నాకు తప్పు దొరకలేదు.

మూడో రోజు ఆవిడే ఫోన్ చేశారు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. మైలవరం ప్రెస్సాయన తన పాత మేలిమి ఫైళ్లను, అచ్చుకు పంపిన కాపీలతో సహా, ఆవిడ దగ్గర తెరిపించాడట. ఆరో వెర్షన్ నుంచి అచ్చుకు వెళ్లిన ఫైళ్లన్నిట్లో రంగుల పాళ్లు పదులకు సర్ది ఉన్నాయని ఆవిడ పట్టేశారు. నూజివీడు ప్రెస్సులో ఆపరేటర్ గొడవ కూడా ఆవిడ చెవిన పడింది. రెండూ కలిపి చూసుకున్నారు. లెక్కల టీచరు కదా.

"మూర్తిగారూ, ఇది నేను ఎవరితోనూ అనలేదండీ. మీ ఫైళ్లు తెరిచేవాళ్లకు రంగులు ఒకసారి సరిచూసుకోమని మాత్రం నోట్‌లో రాయాలి, తప్పదు. ఎందుకో రాయను. ఆ ఎందుకన్నది మీరు చెబితేనే బాగుంటుంది."

ఆవిడ ఉంటానండీ అని పెట్టేశారు.

నన్ను బజార్లో పెట్టడానికి ఆవిడకు అవకాశం దొరికింది. ఆవిడ దాన్ని వాడుకోలేదు. నేనైతే వాడుకునేవాణ్ణి, నాలుగు ఊళ్లకు వినిపించేలా. ఆ సంగతి తలుచుకుంటుంటే ఒళ్లంతా కారం పూసినట్టయింది. ఇప్పటికే మంచి సాఫ్ట్‌వేర్ ఆవిడది, మంచి పేరు ఆవిడది, మంచి నోట్ ఆవిడది. ఇప్పుడు నా తప్పు కప్పిపెట్టిన మంచితనం కూడా ఆవిడదేనా? అది మాత్రం ఇవ్వదలుచుకోలేదు.

ఇది చదివేవాళ్లు నాకు మనసు మారిందనీ, పశ్చాత్తాపం వచ్చిందనీ అనుకుంటే పొరపాటు. పశ్చాత్తాపం తర్వాత వచ్చింది. మర్నాడు పొద్దున నేను బస్సెక్కింది అసూయతోనే. ఆవిడ కంటే ముందు నేను చెప్పాలి, అంతే. మంచిపనికి కూడా నాకు పోటీ కావాలి.

ఉంగుటూరు

వెంకటలక్ష్మి ఉంగుటూరులో వాళ్లక్క ఇంటి దగ్గర ఒక జిరాక్స్ షాపులో చేరిందని తెలిసింది. బస్సులో కూర్చుని, ఏడో వెర్షన్‌కు ఇవ్వబోయే నోట్ కాగితం మీద రాసుకున్నాను. నాలుగుసార్లు కొట్టేసి అయిదోసారి కుదిరింది.

ఆ తర్వాత ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. ఆ నోట్ అన్ని ప్రెస్సులకూ వెళ్లింది. నేను భయపడ్డదంతా జరిగింది. ఏడాది తిరిగేలోపు ముప్పావు వంతు వాడుకదారులు పిచ్చిగీతకు మారిపోయారు. ఇంకో రెండేళ్లు ఈడ్చి మేలిమిని మూసేశాను. సుబ్రహ్మణ్యంగారు వెంకటలక్ష్మిని మళ్లీ రమ్మన్నారు, ఆమె వెళ్లలేదు. పెద్ద షావుకారు స్వయంగా ఉంగుటూరు వెళ్లాడని విన్నాను. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రత్నకుమారిగారి కొత్త వెర్షన్లు ఇప్పటికీ వస్తున్నాయి. ఇప్పటికీ తప్పులు వెతుకుతాను.

ఇక ఆ రోజు సంగతి. షాపులో ఇద్దరు రైతులు పాసుపుస్తకాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి వెంకటలక్ష్మి ఆశ్చర్యపోలేదు. రండి సార్ అని స్టూలు చూపించి, వాళ్ల పని పూర్తిచేసి పంపింది. నేను లేచి నిలబడి, తప్పు నాదేనని, అయిదో రోజే నాకు తెలిసిందని, చెప్పకుండా దాచానని చెప్పాను. ఆమె మిషన్ అద్దం గుడ్డతో తుడుస్తూ విన్నది.

"నాకు తెలుసండీ" అంది. "ఓనరుగారు మీకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. అందరూ వినాలని స్పీకర్లో పెట్టారు. మీ గొంతు విన్నాను. అప్పుడే అర్థమైంది నాకు."

రెండు నెలలుగా ఆమెకు తెలుసు. నన్ను నలుగురిలో ఎందుకు నిలదీయలేదని అడిగాను.

"నిలదీస్తే ఎవరు నమ్ముతారండీ? మొదటి రోజు నా కళ్లనే నమ్మలేదు."

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆరో వెర్షన్లో రంగులు కలిసిపోవడం పూర్తిగా నా తప్పు, నూజివీడు ప్రెస్సులో ఒక ఆపరేటర్‌గారు మొదటి రోజే గుర్తించి చెప్పినా నేను వినలేదు, ఆపైన అబద్ధం చెప్పాను, ఆ ఆపరేటర్‌గారి తప్పు ఇందులో ఏమీ లేదు, అని రాశాను. జీవితంలో నేను రాసిన అన్ని నోట్‌లలోకి నిజాయితీ ఉన్నది అదొక్కటే. చదివి కళ్లనీళ్లు పెట్టుకుంటుందని లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది.

ఆమె నిదానంగా రెండుసార్లు చదివింది. కౌంటర్ మీదున్న పెన్ను తీసి ఒక మాట మీద గీత కొట్టింది.

"ఒక ఆపరేటర్ అంటే ఎవరికి తెలుస్తుందండీ? తిట్టినప్పుడు పేరు పెట్టే తిట్టారు."

గీత కొట్టిన మాట పైన తన పేరు తనే రాసింది. పులవర్తి వెంకటలక్ష్మి. ఇంటిపేరుతో సహా, పెద్ద అక్షరాలతో. తర్వాత పెన్ను నాకిచ్చి కింద సంతకం పెట్టమంది. పెట్టాను. తేదీ కూడా వేయమంది. వేశాను.

కాగితం నా చేతిలోంచి తీసుకుని, మిషన్ మీద పెట్టి, జిరాక్స్ తీసింది. బయటికొచ్చిన కాపీని వెలుతురులో పట్టుకుని అక్షరాలన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసింది. అప్పుడు నా సంతకం ఉన్న అసలు కాగితాన్ని నాలుగు మడతలు వేసి తన సొరుగులో పెట్టుకుని, కాపీ నా చేతికిచ్చింది.